పద్నాలుగో రోజు

డిసెంబర్ 5, 2011. సోమవారం

పెన్ను పడితే రామనామం రాయడమో, ఎలుకల బోను కార్డు మీద తేదీ వేయడమో తప్ప ఇంకో రాత నాకు అలవాటు లేదు. ఈ నోటుబుక్కు కూడా రామకోటి కోసం తెచ్చుకున్నదే. ఇవాళ మొదటి పేజీ తీసి నామం రాయబోయాను. చెయ్యి కదలలేదు. రెండు నెలలుగా లోపల ఒకటి దాచుకుని పైన ఆ నామం రాస్తే అదేం రాత? ఎవరితోనూ అనలేను. మా ఆయనతో అంటే "మనకెందుకు" అంటారు. దేవుడితో అందామంటే, నీ కోసమే చేశానని ఆయన మీదే నెట్టవలసి వస్తుంది. అందుకని ఇందులో రాస్తున్నాను.

ఇవాళ భూదేవి ఎలుకల గదిలోకి వచ్చి, సీసాలు కడిగే తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల పరిశోధనకు చేరిన నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను. లాఠీ దెబ్బకు మోచెయ్యి వాచిన రోజు కూడా నవ్వుకుంటూ వచ్చి, "ఎడమ చెయ్యే ఆంటీ, పిపెట్ పట్టేది కుడి చెయ్యి" అన్న మనిషి.

"ఏమైందమ్మా?"

"అయిపోయింది ఆంటీ. సారు అందరి ముందట అన్నడు. నీ మెదడు ధర్నాల ఉంటే ఎలుక మెదడు గురించి ఏం రాస్తవు అని. అందరు నవ్విండ్రు."

ఆ పిల్ల పరీక్షించేవన్నీ ఎలుక కడుపులో పద్నాలుగో రోజు పిండాల మెదళ్ళే. అన్నిట్లోనూ ఇంచుమించు ఒకే లెక్క రావాలట. కొన్నిట్లో తను వెతికే చిన్న ఆర్‌ఎన్‌ఏ నిండుగా ఉంది, కొన్నిట్లో జాడే లేదట. ట్యూబులు కలిపేశావు, లేదా కూర్చుని అంకెలు కల్పించావు అని తన గైడు శశిభూషణ్ సారు అన్నారట. మార్చితో గడువు అయిపోతుంది. సారు సంతకం పెట్టకపోతే ఇంకో ఏడాది ఇవ్వరు. ఇవ్వకపోతే నాలుగేళ్ళూ నీళ్ళపాలు.

"నేను కల్పించలే ఆంటీ. ఎన్నిసార్లు చేసినా గట్లనే వస్తున్నది."

తల మీద చెయ్యి వేశాను. మంచినీళ్ళు ఇచ్చాను.

కార్డుల మీద తేదీలు వేసింది నేను. ఆ రోజుల్లో సకల జనుల సమ్మె. బస్సులు లేవు, రైళ్ళు లేవు, ఊరే ఆగిపోయింది. పొద్దున వేళకు చేరడం ఎవరి వల్ల అయింది? ఒక రోజు అటూ ఇటూ అయి ఉండవచ్చు. అంతే.

డిసెంబర్ 6, మంగళవారం

అంతే.

డిసెంబర్ 9, శుక్రవారం

రెండేళ్ళ క్రితం ఇదే రోజున తెలంగాణ ఇస్తామని ప్రకటించారు. క్యాంపస్‌లో పెద్ద సభ. పొద్దుటి నుంచి పాటలు, నినాదాలు. గేటు దగ్గర ముళ్ళకంచె చుట్టలు మళ్ళీ దింపారు. ఈసారి బాష్పవాయువు వదలలేదు, అదే మేలు. క్రితం ఏడు ఆ పొగ కిటికీలోంచి వచ్చిన రోజున మూడు తల్లి ఎలుకలు తమ పిల్లల్ని తామే తినేశాయి.

రాజలింగం గారు నా కంటే ముందు నుంచి ఆ గదిలో ఉన్న మనిషి. పర్మనెంటు. నాది కాంట్రాక్టు. సమ్మెలో నలభై రెండు రోజులూ రిజిస్టరులో సంతకం పెట్టలేదు గానీ, సాయంత్రం వెనక తలుపు నుంచి వచ్చి మేత వేసి పోయేవాడు. "సమ్మె సర్కారు మీద అక్కా, ఎలుకల మీద గాదు" అనేవాడు. కాన్పుల పుస్తకం రాసేది ఆయన. ఇవాళ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఒకటడుగుత. కోపానికి రాకు."

"అడగండి."

"దసరా టైముల నువ్వు కార్డులేసిన వాటిల్ల ఐదు, కోతకు పోకుండ మిగిలినయి గదా. నీ తేదీ నుంచి లెక్క కడితే అండ్ల మూడు ఇరవై రెండు దినాలకు ఈనినయి. ఎలుక పందొమ్మిది, ఇరవైకి ఈనాలె. ముప్పై ఏండ్లల్ల నేను చూడలే. గవి ఎలుకలా, ఏనుగులా?"

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

"సమ్మె కదండీ. బస్సులు లేక పొద్దున్నే..."

"బస్సేంది అక్కా? తార్నాకల ఇల్లు పెట్టుకొని. పన్నెండేండ్ల సంది నడిచే గదా వస్తవు. ఎన్నడన్న బస్సెక్కినవా?"

నేను సీసాలు కడిగాను. ఆయన పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

"నేనైతే ఎవ్వరికి చెప్పను. నేను చెప్తే, తెలంగాణోడు ఆంధ్ర ఆమెను పట్టిచ్చిండు అంటరు. గా మాట నాకెందుకు? నువ్వు చెప్తేనే చెప్పినట్టు."

డిసెంబర్ 10, శనివారం

నిజం రాయకపోతే ఈ పుస్తకం దేనికి?

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి నెలంతా సిగ్గుతో చచ్చాను. సాయంత్రం ఆడ ఎలుక దగ్గరకు మగదాన్ని వదులుతారు. పొద్దున్నే ఆడదాన్ని తోక పట్టి ఎత్తి, అక్కడ మైనం బిరడాలాంటిది ఉందేమో చూడాలి. ప్లగ్ అంటారు. ఉంటే కలిశాయని. పైకి కనబడకపోతే సన్నని పుల్లతో తడిమి చూడాలి. తొమ్మిది దాటితే రాలిపోతుంది, ఇక తెలియదు. ఉన్నదాన్ని వేరే బోనులో పెట్టి కార్డు మీద ఆ తేదీ వేస్తే, కడుపులో పిల్లల వయసు అక్కడి నుంచి లెక్క. పద్నాలుగో రోజు మెదడు కావాలంటే అక్కడి నుంచి పద్నాలుగు. పదో తరగతి చదువుకు దొరికిన పని, దేవుడిచ్చాడు అనుకుని నేర్చుకున్నాను.

పెళ్ళయిన మరుసటేడు నుంచి దసరా తొమ్మిది రోజులూ నేను దీక్షలో ఉంటాను. తెల్లవారకుండా తలస్నానం, ఒంటిపూట భోజనం, రెండు పూటలా లలితా సహస్రం. ఏటా ఆ తొమ్మిది రోజులూ ప్లగ్గులు రాజలింగం గారు చూసేవాడు, ఆయన వంతు సీసాలు నేను కడిగేదాన్ని. ఒకరినొకరు అడగకుండానే అలా సర్దుకున్నాం. ఈ ఏడు ఆయన పొద్దున పూట సమ్మెలో ఉన్నాడు.

నేను వెళ్ళాను. రోజూ ఏడున్నరకే వెళ్ళాను. నడిచే వెళ్ళాను. గొళ్ళెం తీసి, నీళ్ళు పెట్టి, బోనుల ముందు నిలబడి, నోట్లో నామం నడుస్తుండగా ఆ పని చేయడానికి మనసొప్పక వెనక్కి తిరిగాను. ఒక రాత్రి కలిసి ఉన్నాక కలవకుండా ఉంటాయా అనుకున్నాను. కలిపిన మర్నాటి తేదీ వేశాను. మూడో రోజున డబ్బాతో ఎత్తి ఆడవాటిని వేరే బోనులోకి మార్చాను. మొదటి రాత్రి కలిశాయో, రెండో రాత్రో, మూడో రాత్రో అమ్మవారికే తెలుసు. పద్దెనిమిది కార్డులు.

ప్లగ్గులు చూసుకోమని అప్పుడే భూదేవికి చెప్పి ఉండవచ్చు. హాస్టలు అదే క్యాంపస్‌లో. కానీ పొద్దున పూట పిల్లల్ని గేట్ల దగ్గర అరెస్టు చేస్తున్నారు. "ఆంటీ, ప్లగ్గులు మీరు చూడుర్రి, మీ మీదనే ఉన్న" అని వెళ్ళింది. చెబితే ఆ పోలీసుల మధ్య నుంచి పరుగెత్తుకుని వస్తుందని చెప్పలేదు.

అది కూడా నిజం కాదు. నా దీక్ష సంగతి సారు దాకా పోతుందని చెప్పలేదు.

డిసెంబర్ 17, శనివారం

నిన్న ధనుర్మాసం పట్టింది. తెల్లవారుజామున గుడిలో పాశురం విని, పొంగలి దొన్నె తీసుకుని నేరుగా పనికి వెళ్ళాను. ప్రసాదం భూదేవికి పెట్టాను. ఎప్పుడూ పెడతాను.

ఆ పిల్ల తిండి తగ్గించేసింది. మళ్ళీ మొదటి నుంచి అన్ని ట్యూబులూ చేస్తోంది. పొంగలి తింటూ అడిగింది.

"ఆంటీ, దసరా అప్పటి ప్లగ్గులు మీరే చూసిన్రు గదా?"

"చూశానమ్మా."

"తొమ్మిదికి ముందే గదా?"

"ఎనిమిదికే."

"గంతే. ఊకెనే అడిగిన. పిండాలు కొన్ని చిన్నగ అనిపించినయి. సమ్మెల మేత తక్కువైంది గదా, గందుకే అనుకున్న." వేళ్ళు నాక్కుంది. "మీ పొంగలి తింటే పరీక్షకు పోయినట్టు ధైర్యమొస్తది."

ప్రసాదం ఎదుట అబద్ధం చెప్పాను. ఎంత మెత్తగా చెప్పానో. నా గొంతు మెత్తన అని అందరూ మెచ్చుకుంటారు.

డిసెంబర్ 22, గురువారం

ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏ ఏం చేస్తుందో ఒకసారి అడిగాను. రెండేళ్ళయింది. భూదేవి చేతిలో పని ఆపి, నేనేదో తన పరీక్షాధికారిని అన్నట్టు చెప్పింది.

"ఇప్పుడు జీన్ కాడికెళ్ళి ఒక కబురు వస్తది ఆంటీ, గీ ప్రొటీన్ చెయ్యుర్రి అని. మామూలుగ ఆర్‌ఎన్‌ఏ అంటే గా కబురే. ఇదేమో బిత్తెడు గూడ లేదు. ఇరవై రెండు అక్షరాలు. దీంతోని ఏ ప్రొటీను కాదు. పనికిరాదు అనుకున్నరు శానా ఏండ్లు. ఇది పోయి గా కబురుకు అంటుకొని దాని నోరు మూస్తది. అంతే దీని పని."

"నోరు మూయడం కూడా ఒక పనేనా?"

"అసలు పనే గది! మెదడుల కణాలు మొదట్ల ఊకె పెరుగుతనే ఉంటయి, ఒకటి రెండు, రెండు నాలుగు. గట్లనే పెరుగుకుంట పోతే మెదడు గాదు, గడ్డ అయితది. పెరుగు పెరుగు అనే కబురు నోరు ఇది టైముకు మూసేస్తే అప్పుడు కణం ఆగి నరాల కణమైతది. ఒక్క దినం ముందు గాదు, ఒక్క దినం వెనక గాదు. ఎలుకకు ఒక దినమంటే మనకు రెండు వారాలు ఆంటీ."

అప్పుడు నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మానాలో ఇంట్లో ఆవిడే చూసేది. అలా చెబితే భూదేవి పడీ పడీ నవ్వి, "థీసిస్‌ల రాస్త ఆంటీ, అత్తగారి ఆర్‌ఎన్‌ఏ అని" అంది.

పన్నెండో రోజు మెదడుకు నేను పద్నాలుగు అని పేరు పెట్టాను. దాంట్లో లేనిదాన్ని ఆ పిల్ల రెండు నెలలుగా వెతుకుతోంది.

డిసెంబర్ 30

రాజలింగం గారు నా ముఖం చూస్తాడు. నేను చూడను.

జనవరి 5, 2012. గురువారం

ముక్కోటి ఏకాదశి. మూడింటి నుంచి వరుసలో నిలబడి ఉత్తర ద్వారంలోంచి వెళ్ళాను. వెనక ఎవరో ముసలమ్మ తోస్తూ, "నడువమ్మా, వైకుంఠం తలుపు నీ ఒక్కదాని కోసమే తెరిచిండ్రా" అంది. లోపల ఏమీ కోరుకోలేదు. రేపు సారుకు చెబుతాను అన్నాను. ఇక్కడ రాస్తున్నాను, తప్పించుకోకుండా.

జనవరి 6, శుక్రవారం

చెప్పాను.

శశిభూషణ్ సారు గదిలోకి పన్నెండేళ్ళలో లెటరు ఇవ్వడానికే వెళ్ళాను, గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. ఇవాళ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. నిలబడే మొత్తం చెప్పాను. దీక్ష, పద్దెనిమిది కార్డులు, మూడేసి రాత్రులు. భూదేవి తప్పు లేదని రెండుసార్లు అన్నాను.

ఆయన కంప్యూటరులో ఏవో ఫోటోలు తీశారు. పిండాల ఫోటోలు. ఒకదాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశారు. తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు.

"పద్నాలుగుకి చేతివేళ్ళు విడిపోవాలి. ఇది తెడ్డులా ఉంది. పన్నెండు... మహా అయితే పన్నెండున్నర."

"ఆ ఫోటోలు అమ్మాయే తీసిందాండీ?"

"అక్టోబరులోనే పంపింది. చూడలేదు నేను." అని, ఆ మాట అన్నందుకు చిరాకు పడ్డట్టు కంప్యూటరు మూసేశారు. "కూర్చోండి అమ్మాజీ గారూ."

నన్ను కూర్చోమనడం అదే మొదలు. కూర్చున్నాను. టీ తెప్పించారు. ఏకాదశి పారణ అయిపోయింది గనక తాగాను.

"మీదేవూరమ్మా?"

"రామచంద్రపురం దగ్గరండీ."

"మాది తెనాలి. మన వాళ్ళే." టీ కప్పు పక్కన పెట్టారు. "చూడండమ్మా. ఆ బోనుల్లోవే కొన్ని నేను వాడాను. నా పేపరు నవంబరులో పంపేశాను. ఇప్పుడు తేదీలు తప్పు అంటే అదీ పోతుంది, ల్యాబ్ పేరూ పోతుంది. బయట పరిస్థితి చూస్తున్నారుగా. ఆంధ్రా వాళ్ళు కావాలని తెలంగాణ అమ్మాయిని ముంచారు అని గేటు దగ్గర బ్యానరు కడతారు. ముందు మీ పేరు, తర్వాత నా పేరు. మీరు తట్టుకోగలరా?"

"మరి ఆ అమ్మాయండీ?"

"ఆ అమ్మాయికి ఏదో ఒకటి చేద్దాం. తెలివైన పిల్ల, ఎక్కడైనా బతుకుతుంది. మీరు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. మార్చిలో మీ కాంట్రాక్టు కాగితం నేనే పంపాలి కదా, పంపిస్తాను. భయపడకండి."

భయపడకండి అన్నాక భయం వేసింది.

వచ్చేటప్పుడు నమస్కారం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. చెప్పవలసినవారికి చెప్పాను. నా వంతు నేను చేశాను.

జనవరి 7

నా వంతు నేను చేశాను.

జనవరి 11, బుధవారం

మా ఆయనకు ఇవాళ చెప్పాను. కాచిగూడ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు చేసిన మనిషి, ఎవరి మూట ఎవరికి చేరిందో చెప్పకుండా రిటైరయ్యారు. కూరగాయల సంచీ పక్కన పెట్టి విన్నారు.

"సారుకు చెప్పావు కదా?"

"చెప్పాను."

"ఇక ఆయన చూసుకుంటాడు. మనకెందుకు అమ్మాజీ? రేపు రాష్ట్రం విడిపోతే ఈ ఇంట్లో ఉంటామో, పోవాలో తెలియదు. ఉన్నన్నాళ్ళు ఎవరి నోట్లోనూ పడకుండా ఉందాం."

"ఆ పిల్ల కూడా ఎవరి నోట్లోనూ పడలేదండీ. నావల్ల పడింది."

ఆయన వంకాయలు తీసి బల్ల మీద ఒక్కొక్కటే పరిచారు. "ఇవి లేతవేనా చూడు" అన్నారు.

ఫిబ్రవరి 3, శుక్రవారం

భూదేవికి గడువు పెంచాలా వద్దా అని కమిటీ వేశారట. పదహారో తేదీ. సంక్రాంతికి కూడా ఊరు వెళ్ళలేదు ఆ పిల్ల. ఇవాళ గంతులేస్తూ వచ్చింది.

"ఆంటీ, మీరు నాకు సాక్షి!"

"దేనికమ్మా?"

"సమ్మెల రోజూ ల్యాబుకు వచ్చిన్నా లేదా అని అడుగుతరంట. వచ్చిన అని మీరు చెప్పాలె. తేదీలు గూడ అడుగుతరు, గవి మీరే వేసిన్రు గదా. మా అమ్మాజీ ఆంటీ ఏకాదశినాడు మంచినీళ్ళు గూడ తాగది, అబద్ధం చెప్తదా అని నేను ముందే రాసిచ్చిన."

"రాసిచ్చావా?"

"సంతకం పెట్టి రాసిచ్చిన."

పక్క గదిలో గిన్నె కింద పడ్డ చప్పుడు. రాజలింగం గారు వింటున్నాడు.

ఫిబ్రవరి 14, మంగళవారం

కమిటీలో చెబుతాను. సారు ఉన్నా సరే. కాంట్రాక్టు పోతే పోతుంది. చెబుతాను.

ఫిబ్రవరి 15, బుధవారం

చెబుతాను. పొద్దున పూజలో కూడా అదే అన్నాను.

ఫిబ్రవరి 16, గురువారం

నలుగురు కూర్చున్నారు. ఒకావిడ, ముగ్గురు మగవాళ్ళు. శశిభూషణ్ సారు చివర కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. భూదేవి గోడ పక్క కుర్చీలో, ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని ఉంది. నేను రాగానే కళ్ళతోనే దండం పెట్టింది.

బయటి నుంచి వచ్చిన పెద్దాయన మర్యాదగా అడిగారు. "సమ్మె రోజుల్లో ఈ అమ్మాయి పనికి వచ్చిందా అమ్మా?"

"రోజూ వచ్చిందండీ. దెబ్బలు తగిలిన రోజు కూడా వచ్చింది."

"మంచిది. ఈ కార్డుల మీద తేదీలు మీ చేతి రాతేనా?"

"నాదేనండీ."

"చూసి రాసినవేనా?"

నేను సారు వైపు చూడలేదు. ఆ సంగతి ఇక్కడ రాయాలి. ఆయన నన్ను బెదిరించలేదు, కనీసం తల ఎత్తలేదు. నేను భూదేవి వైపు చూశాను. ఆ పిల్ల ముఖంలో అంత నమ్మకం చూశాక, ఈ నలుగురి ముందూ నేను ఎవరినో చెప్పడం నావల్ల కాలేదు. ఆ పిల్ల బతుకు కంటే, ఆ పిల్ల నన్ను చూసే చూపు నాకు ముఖ్యమైంది.

"చూసే రాశానండీ."

"వినబడలేదమ్మా. కొంచెం గట్టిగా చెప్పండి."

దేవుడు రెండోసారి అవకాశం ఇచ్చాడు. ఎంతమందికి ఇస్తాడు?

"చూసే రాశానండీ" అని గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆ ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. వెళ్ళవచ్చు అన్నారు.

ఫిబ్రవరి 20

శివరాత్రి. ఉపవాసం ఉన్నాను. జాగరణ వేరే చేయనక్కరలేదు, ఎలాగూ నిద్ర పట్టడం లేదు.

ఫిబ్రవరి 22, బుధవారం

తీర్పు వచ్చింది. అంకెలు కల్పించినట్టు రుజువు లేదు. జంతువుల లెక్కలు సక్రమంగా ఉన్నాయి గనక, శాంపిళ్ళు తీయడంలో విద్యార్థిని అజాగ్రత్తే కారణం. గడువు పెంచడానికి సిఫారసు లేదు.

జంతువుల లెక్కలు సక్రమంగా ఉన్నాయి. నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఉంటే కూడబలుక్కుని చదువుకున్నాను.

రాజలింగం గారు మేత బస్తా దింపుతూ, "అమ్మాజీ గారూ, కొంచెం పక్కకు జరుగుతరా" అన్నాడు. గారు అన్నాడు. జరుగుతరా అన్నాడు. పన్నెండేళ్ళు అక్కా, నువ్వు అని పిలిచిన మనిషి.

జరిగాను.

ఫిబ్రవరి 25

గారూ అనే పిలుస్తున్నాడు. మళ్ళీ ఏనుగుల మాట ఎత్తలేదు. ఒక్క ఎకసెక్కెం లేదు.

ఫిబ్రవరి 27, సోమవారం

సారు పేపరు అచ్చుకు తీసుకున్నారట. అందరికీ లడ్డూలు పంచారు. నాకు రెండు ఇచ్చారు. ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టలేదు. వంటింట్లో నిలబడి తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

మార్చి 1, గురువారం

కాంట్రాక్టు కాగితం వచ్చింది. ఇంకో ఏడాది.

భూదేవి సాయంత్రం వెళ్ళిపోయింది. కామారెడ్డిలో ఏదో ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే పని దొరికిందట. కాచిగూడ స్టేషనుకు ఆటో మాట్లాడుకుని, దారిలో ఎలుకల గది ముందు ఆపించింది. రాజలింగం గారితో చాలాసేపు మాట్లాడింది. ఆయన తలుపు పట్టుకుని నేల చూస్తూ, "పో బిడ్డా, రైలు టైమైతది" అన్నాడు. చెప్పలేదు. ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు.

నా దగ్గరకు వచ్చింది.

"ఆంటీ, మీరు అన్నం తినుడు మానకుర్రి. బక్కగయిన్రు."

"నువ్వు నన్ను చూసుకుంటున్నావా?"

"నేను శానా ఆలోచన చేసిన ఆంటీ. మొదలు సారు మీద మస్తు కోపమొచ్చింది. ఆంధ్రోడు, గందుకే చేసిండు అనుకున్న. కని మీరు గూడ ఆంధ్రనే గదా, మీరు నా దిక్కు నిలబడ్డరు. గప్పుడు అర్థమైంది. మీ తేదీలు కరెక్టే ఉన్నంక ఇగ తప్పెవలిది? నా చెయ్యే తప్పింది. ఎక్కడనో ట్యూబులు కలిపిన. గుర్తుకొస్తలేదు గని కలిపే ఉంట." అరచేతులు చూసుకుంది. "గీ చేతుల మీద నాకు మస్తు నమ్మకముండె."

"లేదమ్మా, నీ చెయ్యి..."

"ఊకోండి ఆంటీ, నన్ను సముదాయించకుర్రి."

వంగి నా కాళ్ళకు మొక్కింది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చల్లగా ఉండమ్మా అన్నాను. ఆటో విద్యానగర్ వైపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది.

నేను ఊపాను.

మార్చి 3, శనివారం

రెండు రోజులుగా కార్డులూ కాన్పుల పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూశాను. కాన్పయిన ఐదింటిలో మూడు, నా తేదీకి రెండు రోజులు వెనక. కోసిన పదమూడింటికి కాన్పు లెక్క లేదు, ఫోటోలే. ఇప్పుడు నాకూ చూడటం తెలిసింది. తెడ్డులా ఉంటే పన్నెండు, వేళ్ళు విడితే పద్నాలుగు. భూదేవి అతికించి వదిలేసిన పుస్తకంలో ఫోటోలన్నీ ఉన్నాయి. ఆరు తెడ్లు. ఒకటి అటా ఇటా తేలలేదు. మిగతా ఆరూ సరైనవే. ఆ తెడ్లను తీసి పక్కన పెట్టి చదివితే, ఆ పిల్ల వేసిన అంకెలన్నీ దాదాపు ఒకటే. కూడికలు తెలిసిన ఎవరైనా చూడవచ్చు. ఎక్కడా ట్యూబు కలపలేదు. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఏ బోను ఏ రోజుదో చివరి పేజీలో వరుసగా రాశాను. బోను నెంబరు, నేను వేసిన తేదీ, అసలు తేదీ. తేలనిదానికి తెలియదు అని రాశాను. ఈసారి చూసి రాశాను.

కామారెడ్డి కాలేజీ అడ్రసు రాజలింగం గారి దగ్గర ఉంది. అడిగితే ఇస్తాడు. గారూ అంటూనే ఇస్తాడు. ఈ ఒక్క కాగితం కవర్లో పెట్టి పంపితే ఆ పిల్లకు డిగ్రీ తిరిగి రాదేమో గానీ, తన చేతులు తనకు తిరిగి వస్తాయి. అది తెలుసు నాకు. తెలిసే ఇక్కడ కూర్చున్నాను.

పంపితే, ఆ పిల్ల మనసులో నేనంటే ఉన్న ఆ మంచి పోతుంది. యాభై ఏళ్ళకు నాకు మిగిలింది అదే. దాన్ని కూడా అబద్ధం చెప్పే సంపాదించాను.

ఏవండీ, నా తరవాత ఈ పుస్తకం మీ చేతికే వస్తుంది. ఇది చింపకండి. పాత కాగితాల వాడికి వేయకండి. పట్టుచీరల అడుగున, ఎక్కడుందో అక్కడే ఉంచండి. అన్నీ సరిగ్గా రాశాను, ఒక్క తేదీ కూడా తప్పు లేదు. ఎవరికీ చూపించకండి. ఆ పిల్ల ఎప్పుడైనా మనింటికి వచ్చి మీ ఆవిడ ఎలాంటి మనిషి అని అడిగినా సరే, చూపించకండి.